ఎక్కువగా విడిపోయే సంఖ్యలు

గణితంలో గ్లామరంతా ప్రధాన సంఖ్యలదే. కొత్త పెద్దది దొరికితే పేపర్లో వార్త అవుతుంది. సంయుక్త సంఖ్యల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ 67,46,32,83,88,800 ని చూడండి. ఆరు లక్షల డెబ్భై నాలుగు వేల కోట్ల పైమాట. దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 10,080 ఉన్నాయి. దీనికన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని భాజకాలు లేవు. ఇలా తనకన్నా చిన్నవాటన్నిటినీ మించిపోయేవే అతిసంయుక్త సంఖ్యలు. వీటి మీద శ్రీనివాస రామానుజన్ రాసిన సుదీర్ఘ పత్రాన్ని 1915లో లండన్ మాథమెటికల్ సొసైటీ అచ్చువేసింది. మరుసటి ఏడు కేంబ్రిడ్జి ఆయనకు బి.ఎ. పట్టా ఇచ్చింది ఈ పనికే.

వీటిలో చిన్నవి మనకు పాత చుట్టాలే. పంచాంగంలో రోజుకు 60 గడియలు, గడియకు 60 విగడియలు. 60కి భాజకాలు పన్నెండు. 100కి తొమ్మిదే, పైగా మూడు సమభాగాలు చేద్దామంటే తెగదు. ఆదర్శ నగరంలో 5,040 మంది గృహస్థులుండాలని ప్లేటో అన్నది కూడా ఆ సంఖ్య ఎన్నో విధాల పంపకానికి లొంగుతుందనే.

భాజకాల లెక్క తేలిక. 60 అంటే 2²×3×5. ఒక్కో ఘాతానికి ఒకటి కలిపి గుణిస్తే 3×2×2, అంటే 12. అసలు చిక్కు పొదుపులో ఉంది. 18 అంటే 2×3², 12 అంటే 2²×3. రెండింటికీ ఆరేసి భాజకాలే, కానీ 12 చిన్నది. కాబట్టి పెద్ద ఘాతం చిన్న ప్రధాన సంఖ్యకే దక్కాలి. ముందుకు పోయేకొద్దీ ఘాతాలు తగ్గాలి లేదా సమంగా ఉండాలి, పెరగకూడదు. మధ్యలో ఏ ప్రధాన సంఖ్యనూ దాటెయ్యకూడదు. చివరి ఘాతం ఎప్పుడూ 1 అని రామానుజన్ నిరూపించారు. 4, 36 మాత్రమే మినహాయింపు. మన పెద్ద సంఖ్య విప్పితే 2⁶×3⁴×5²×7²×11×13×17×19×23, నియమం తప్పలేదు.

అయితే ఈ లక్షణాలున్నవన్నీ అతిసంయుక్తాలు కావు. రామానుజన్ అసలు నైపుణ్యం ఇక్కడుంది. పెద్దదైనందుకు సంఖ్యపై పన్ను వేసినట్టు, భాజకాల లెక్కను ఆ సంఖ్య వర్గమూలంతో భాగించండి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం 12 దగ్గర వస్తుంది. ఘనమూలంతో భాగిస్తే 2,520 గెలుస్తుంది. పన్ను తగ్గించేకొద్దీ విజేతలు పెద్దవవుతాయి. వాటి ఘాతాలకు సూటి సూత్రం ఉంది. ఆ విజేతల్ని గుంజలుగా పాతి, మధ్యలో పడే మిగతావాటి స్వరూపం ఎలా ఉండాలో ఆయన తేల్చారు.

వందకు పైగా సంఖ్యలున్న ఆయన పట్టిక మనం మొదట చూసిన సంఖ్యతో ముగుస్తుంది. అందులో 2,93,31,86,25,600 ఒక్కటి జారిపోయింది. తమాషా ఏమిటంటే దాన్ని 23తో గుణిస్తే వచ్చేది ఆ చివరి సంఖ్యే! జారిపోయినదాని భాజకాలు 5,040: ప్లేటో గారి లెక్క.

యుద్ధకాలం, సొసైటీకి డబ్బు కటకట. పత్రంలో కొంత భాగం అచ్చుకెక్కలేదు. దాన్ని 1997లో జాన్ లూయీ నికొలా, గై రాబిన్ వెలికితెచ్చారు. అంతకుముందే, 1984లో రాబిన్ ఒక సంగతి నిరూపించారు. ఏదైనా సంఖ్య భాజకాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని ఆ సంఖ్యతోనూ, దాని సహజ సంవర్గమానానికి మళ్లీ తీసిన సంవర్గమానంతోనూ భాగించండి. 5,040 దాటిన ప్రతి సంఖ్యకూ ఫలితం సుమారు 1.781 లోపే ఉంటే, ప్రధాన సంఖ్యల పంపిణీకి సంబంధించి ఇంకా తేలని రీమన్ పరికల్పన నిజం. ఒక్కటి హద్దు మీరినా అబద్ధం. రీమన్ పరికల్పన నిజమనుకుంటే, చాలా పెద్ద సంఖ్యలు ఆ హద్దు దాటవని అచ్చుకాని ఆ పుటల్లో రామానుజన్ అప్పటికే తేల్చి ఉన్నారు. హద్దు మీరే సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఉంటే గనక, వాటిలో మొదటిది కూడా ఇలా ఎక్కడా పెరగని ఘాతాల సంఖ్యే అయి ఉండాలి.