వరద రోజున ఆరు నక్షత్రాలు

ఈ వారం ఒక కుర్రాడు తన ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం తెచ్చి చూపించాడు. పట్టికలో ఎన్ని నిలువు వరుసలో, ఒక్కోటి ఎంత వెడల్పో అందులో ఎక్కడా రాసి లేదు. ఫార్మాట్ స్ట్రింగ్‌ను ప్రోగ్రామే నడుస్తూ నడుస్తూ అల్లుకుంటోంది. నాకు చిరాకేసింది. నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు: పట్టికను ముందు కాగితం మీద గీసుకున్నాకే కోడ్ మొదలుపెట్టాలి. ‘ఐ6’ అని రాస్తే ఆరు గళ్లు. ఆ ఒక్క లైను చూస్తే పేజీ కళ్లకు కట్టాలి.

అదే అతనికి చెప్పబోతుంటే గోదావరి గుర్తొచ్చింది.

నది రోజువారీ ప్రవాహాలను పట్టికగా వేసే పని ఒకప్పుడు నా చేతికొచ్చింది. లెక్క క్యూసెక్కుల్లో. మామూలు రోజులకు ఆరంకెలు చాలని ఐ6 పెట్టాను. 1986 ఆగస్టు దగ్గరికొచ్చేసరికి అంకెలుండాల్సిన చోట ఆరు నక్షత్రాలు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అంటే ఏడంకెలు. గడిలో పట్టని సంఖ్యను ఫోర్‌ట్రాన్ కత్తిరించదు, పక్క గడిలోకీ తోయదు, గడంతా నక్షత్రాలతో నింపేస్తుంది. తప్పు అంకె వేయని ఆ గుణం నాకెప్పుడూ ఇష్టమే. కానీ ఊళ్లు మునిగిన రోజులే నా పట్టికలో లేకుండా పోయాయి. ఐ6ని ఐ8గా దిద్ది ఊరుకున్నాను.

కుర్రాడి ప్రోగ్రాం మళ్లీ మొదటినుంచి చదివాను. ముందు అన్నిటికన్నా పెద్ద సంఖ్యను వెతుకుతుంది. దాన్ని ‘ఐ0’తో ఒక క్యారెక్టర్ వేరియబుల్‌లోకి రాసి, ఎన్ని అక్షరాలైందో లెక్కబెడుతుంది. ఎడానికి ఒకటి కలిపి, ఆ వెడల్పుతో ఫార్మాట్ కడుతుంది. ఇలా వేరియబుల్‌లోకి రాసుకునే వీలు ఫోర్‌ట్రాన్ 77 నుంచీ ఉన్నదే. నేనే వాడుకోలేదు. నేరుగా ఐ0తోనే అచ్చువేయొచ్చుగా అంటే, అది ఏ సంఖ్యకు ఎంత కావాలో అంతే చోటు తీసుకుంటుంది, నిలువు వరుసలు వంకర పోతాయి.

వరుసల సంఖ్యను స్ట్రింగ్‌లో అతికించే నాలుగు లైన్లు మాత్రం తీసేయమన్నాను. ఫోర్‌ట్రాన్ 2008 వచ్చాక బ్రాకెట్ ముందు ఒక నక్షత్రం పెడితే ఎన్ని వరుసలైనా నడుస్తాయి. వెడల్పు కొలిచే లైన్లు ఉంచమన్నాను. అన్నిటికన్నా చిన్న సంఖ్యనూ కొలవమన్నాను, మైనస్ గుర్తుకూ ఒక గడి కావాలి కదా. అక్కడే కూర్చుని ఆ లైను చేర్చాడు. తర్వాత నా పాత గోదావరి లెక్కలు తీసి అతని ప్రోగ్రాంకు ఇచ్చాను.