ఒరిగిన దిగంతం

పతకాల రిబ్బన్లకు చారలు సాధారణంగా నిలువుగా ఉంటాయి. బ్రిటిష్ వాయుసేనవారి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ రిబ్బను మాత్రం ఒరిగి ఉంటుంది. తెలుపూ ముదురు ఊదా చారలు, 45 డిగ్రీల వాలులో. నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. వెండి శిలువ దగ్గరికి తర్వాతే వస్తాయి.

శత్రువుతో తలపడి ఎగిరినవారి సాహసానికి 1918 జూన్ 3న నెలకొల్పిన పతకం ఇది. అప్పటికి రాయల్ ఎయిర్‌ఫోర్స్ పుట్టి రెండు నెలలు. మొదట్లో చారలు అడ్డంగా ఉండేవి, మరుసటి ఏడు వాటిని ఏటవాలు చేశారు. ఎంత అందమైన మార్పు! నేలమీద నిలబడ్డవాడికి దిగంతం ఎప్పుడూ అడ్డగీతే. విమానాన్ని ఓ పక్కకు వాల్చి మలుపు తిప్పేవాడి కంటికి ఒరిగేది మాత్రం లోకమే. నేలా నింగీ కలిసే గీత అతని ముందు ఏటవాలుగా లేస్తుంది. అంగుళంపావు వెడల్పు గుడ్డలో నాకు కనిపించేది ఆ చూపే. నేత తెలిసినవాళ్లకు ఇంకో ముచ్చట: పడుగు రంగులు మారిస్తే నిలువు చార, పేక రంగులు మారిస్తే అడ్డచార. ఏటవాలు చార అంత తేలిగ్గా లొంగదు. పోగు పోగుకీ కాస్త జరుగుతూ పోవాలి.

శిలువకు రూపమిచ్చింది లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్. పక్క చేతుల కొసల్లో, కింది చేతి కొసలో బాంబులు. పై కొసన గులాబీ. ఈ శిలువమీద ప్రొపెల్లర్ రెక్కలతో మరో శిలువ. నడిమధ్య లారెల్ దండలో ఇంకో గులాబీ, దీనికి రెక్కలున్నాయి. రంగు పూతల్లేవు, అంతా వట్టి వెండి. బాంబునీ పువ్వునీ ఒకే లోహంలో, ఒకే నునుపుతో మలిచిన ఆ ధైర్యం దగ్గర నేను ఆగిపోతాను. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్లకు పంపిన కంచు స్మారక ఫలకాన్ని రూపొందించిందీ ఈ చెయ్యే.

ఈ పతకం పొందిన తొలి భారతీయుడు కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్. 1918 జులైలో రెండు వారాల్లోపే పది వైమానిక విజయాలు సాధించాడు. అదే నెల 22న ఫ్రాన్స్ ఆకాశంలో కూలిపోయాడు. వయసు 19. పతకం ప్రకటించింది సెప్టెంబరులో. అప్పటికి రిబ్బను చారలింకా అడ్డంగానే ఉన్నాయి. ఒరిగిన దిగంతాన్ని అతను అంతకుముందే చూశాడు.