రంగు పూయని దిమ్మలు

ఓడను డ్రైడాక్‌లోకి చేర్చి నీళ్లు తోడేశాక, చుక్కాని దగ్గరా ప్రొపెల్లర్ చుట్టూ బిగించిన బూడిదరంగు జింకు దిమ్మలు బయటపడతాయి. బిగించినప్పుడు నున్నగా ఉన్న దిమ్మ, కొంతకాలం ఉప్పునీటిలో తిరిగొచ్చేసరికి గుంటలు పడి చీమలు తిన్న బెల్లం ముక్కలా ఉంటుంది. అది తన ఎలక్ట్రాన్లను ఉక్కుకు ధారపోసి, తాను కరిగి, ఓడను తుప్పు నుంచి కాపాడింది. జింకుకు ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడివి? ఒకప్పుడు విశాఖలోనే, గాజువాక దారిలో మింది దగ్గర దీనికి జవాబు దొరికేది. 1977లో అక్కడ హిందుస్థాన్ జింక్ కర్మాగారం మొదలైంది.

గనిలో జింకు గంధకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ఖనిజాన్ని గాలి తగిలేలా కాలిస్తే గంధకం వాయువై బయటికొస్తుంది. దాన్ని పట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు. మిగిలిన జింకు ఆక్సైడును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, ఇనుమును మడ్డిగా వడకట్టేస్తారు. తర్వాత జింకు పొడి చల్లితే రాగి, కాడ్మియం విడిపోతాయి. తేరుకున్న ద్రావణం అప్పుడు సెల్ హౌస్‌కు చేరుతుంది.

అక్కడ వరసగా తొట్లు. ఒక్కో తొట్టిలో సీసం రేకొకటి, అల్యూమినియం రేకొకటి, మళ్లీ సీసం, మళ్లీ అల్యూమినియం. వాటి గుండా డీసీ కరెంటు పారుతుంది. తొట్టికి కావలసింది మూడున్నర వోల్టులే, రెండు టార్చి బ్యాటరీలిచ్చేదానికి కాస్త ఎక్కువ. ఆంపియర్లు మాత్రం వేలల్లో ఉంటాయి. 1830లలో ఫారడే తేల్చిన లెక్క ఇక్కడ తప్పదు: ఒక ఆంపియరు గంటసేపు పారితే, నష్టమేమీ లేకుంటే, 1.22 గ్రాముల జింకు పేరుకుంటుంది.

అసలు చిక్కు నీటితోనే. లెక్క ప్రకారం చూస్తే ఆమ్లంలోని హైడ్రోజన్ జింకు కన్నా ముందే ఎలక్ట్రాన్లు అందుకోవాలి. కానీ జింకు ఉపరితలం మీద హైడ్రోజన్ బుడగ కట్టడం మహా కష్టం. ఆ సందు చూసుకుని జింకు రేకు మీద కూర్చుంటుంది. ద్రావణంలో కోబాల్టో ఆంటిమొనీయో లేశమంత మిగిలినా చాలు, ఆ మచ్చ దగ్గర హైడ్రోజన్‌కు దారి దొరుకుతుంది. పేరుకున్న జింకు మళ్లీ కరుగుతుంది, కరెంటు బిల్లు మాత్రం మిగులుతుంది. అందుకే ఈ పనిలో నేర్పంతా స్విచ్చు వేయడానికి ముందే, ద్రావణాన్ని శుద్ధిచేయడంలోనే ఉంది.

ఒకటి రెండు రోజులకోసారి అల్యూమినియం మీద పేరుకున్న జింకు పొరను ఊడదీసి, కరిగించి దిమ్మలు పోస్తారు. సీసం వైపు ఆక్సిజన్ పోగా ఆమ్లం తిరిగి తయారవుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ కొత్త ఆక్సైడును కరిగించడానికి వెళుతుంది. ఇంత పొదుపు చేసినా టన్ను జింకుకు 3,000 యూనిట్లకు పైనే కరెంటు పడుతుంది.

ఆ కరెంటులో కొంత వేడిగా పోయినా, మిగతాది లోహంలో దాగి ఉంటుంది. ఓడ అడుగున జింకు కరిగే ప్రతిసారీ అందులో కొంత మనకు తిరిగి ముడుతుంది. తొట్టిలో ఇచ్చిన అప్పు సముద్రంలో వసూలవుతుందన్నమాట.

మింది తొట్లు 2012లో మూతపడ్డాయి. ఇప్పుడు విశాఖ రేవుకొచ్చే ఓడల జింకు ఇంకెక్కడి తొట్లలోనో పేరుకుని వస్తోంది. డ్రైడాక్‌లో పద్ధతి మాత్రం మారలేదు. ఓడ అడుగంతా రంగు కొట్టే పెయింటర్లు జింకు దిమ్మలను వదిలేస్తారు. అది మరిచిపోయి కాదు. దిమ్మకు రంగు పూస్తే దానికి నీరు తగలదు, ఎలక్ట్రాన్లు కదలవు, తుప్పు ఓడ మీద పడుతుంది.