కొండ మీద పొగ, కంప్యూటర్‌లో నీలి తెర

అన్నవరం రత్నగిరి మీద వీరవెంకట సత్యనారాయణస్వామి వెలసింది 1891లో. ఆ కొండ ఈనాడు వ్రతాలకే కాక పెళ్లిళ్లకూ నెలవు. ముహూర్తాల రోజుల్లో అక్కడ జరిగిన పెళ్లి చివరికి ఒక హార్డ్ డిస్క్‌లోకి చేరుతుంది: తలంబ్రాలు, అప్పగింతలు, మరో పెళ్లికి ఉంటారో ఉండరో తెలియని పెద్దవాళ్ల ముఖాలు. పాత ల్యాప్‌టాప్ నుంచి విప్పిన డిస్క్‌కి చిన్న అడాప్టర్ తగిలించి, యూఎస్‌బీ పోర్ట్‌కి కలిపి వాడుకోవడం స్టూడియోల్లోనూ ఇళ్లలోనూ మామూలే. కాపీ సగంలో ఉండగా తెర నీలంగా మారి కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయితే, సాధారణంగా వినిపించే మాట ఒకటే: "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి." విచారణ జరగకముందే వచ్చిన తీర్పు అది. ఫార్మాట్ అయ్యాక అదే అడాప్టర్ అదే పోర్ట్‌లోకి వెళ్తుంది, నీలి తెర మళ్లీ వస్తుంది. ఈ సమస్యకు కావలసిన విచారణ పద్ధతి మన తర్కశాస్త్రంలో ఏనాడో స్థిరపడింది. దాన్ని తెలుసుకుని, వరుసగా వాడితే పెళ్లి వీడియోలూ దక్కుతాయి, అసలు కారణమూ తేలుతుంది.

17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం నేర్చుకునేవాళ్లకు తొలి పాఠ్యగ్రంథం. అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ కొండ మీద పొగ. పొగ కనిపిస్తే నిప్పు ఉందని ఎలా చెప్పగలం? రెండు వైపుల నుంచి చూసి చెబుతాం. పొగ ఉన్నచోట నిప్పు ఉంది, వంటింట్లో ఉన్నట్టు. ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగా లేదు, చెరువులో లేనట్టు. ఇది వ్యతిరేకం. గ్రంథం అక్కడితో ఆగకుండా ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి తడి కట్టె తోడవాలి. అలా దాగి ఉండి అసలు నియమాన్ని నడిపే షరతుకి ఉపాధి అని పేరు. అన్వయం, వ్యతిరేకం, ఉపాధి: కంప్యూటర్ ఎందుకు ఆగిపోయిందో తేల్చడానికి కావలసిన పనిముట్లు ఈ మూడే. మనవాళ్లు మొదటిదానితోనే ఆగిపోతుంటారు. "డిస్క్ పెట్టాను, ఆగిపోయింది" అన్నది అన్వయం మాత్రమే. డిస్క్ పెట్టకుండా అదే పని చేయించి చూస్తేనే వ్యతిరేకం.

అసలు బయట వేలాడే చిన్న అడాప్టర్ మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎలా పడగొడుతుంది? డిస్క్ మాట్లాడేది సాటా భాష, పోర్ట్‌కి తెలిసింది యూఎస్‌బీ భాష. అడాప్టర్ లోపల ఉండే బ్రిడ్జ్ చిప్ ఈ రెంటి మధ్య దుబాసీ. జేమైక్రాన్, ఏఎస్‌మీడియా వంటి కంపెనీల చిప్‌లు వీటిలో విరివిగా కనిపిస్తాయి. పాత పద్ధతిలో కంప్యూటర్ ఒక ఆదేశం పంపి, దాని జవాబు వచ్చాకే రెండోది పంపేది. యూఏఎస్ అనే కొత్త పద్ధతిలో చాలా ఆదేశాలు ఒకేసారి వరుస కడతాయి. విండోస్ 8తో ఇది 2012లో మామూలు కంప్యూటర్లకు వచ్చింది. వేగం పెరిగింది, దుబాసీ మీద భారమూ పెరిగింది. చిప్‌లోని సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే ఒక ఆదేశానికి జవాబు రాదు. కంప్యూటర్ కొంతసేపు చూసి పరికరాన్ని రీసెట్ చేస్తుంది, మళ్లీ చూస్తుంది, మళ్లీ రీసెట్ చేస్తుంది. ఈ తంతు నడిపే డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున, కెర్నెల్‌లో ఉంటుంది. అక్కడ ఒక్క అడుగు తడబడినా, మిగతా సమాచారం పాడుకాకుండా సిస్టమ్ తనను తానే నిలిపేసుకుంటుంది. నీలి తెర అంటే ఆ నిలుపుదల. జబ్బు వేరే చోట ఉంది, ఇది దాని లక్షణం.

అందుకే మొదటి పని సాక్ష్యం పోగుచేయడం. నీలి తెర మీద కనిపించే కోడ్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. 0xFE అని ఉంటే యూఎస్‌బీ డ్రైవర్ వైపు చూపు పోవాలి. 0x9F అయితే ఏదో డ్రైవర్ నిద్రకీ మెలకువకీ మధ్య చిక్కుకుందని అర్థం. స్లీప్ నుంచి లేచినప్పుడే ఆగిపోతోందా అని అడగాలి. 0x7A అయితే డిస్క్ నుంచి రావలసిన సమాచారం రాలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌నే బయటి డిస్క్ మీద నడుపుతున్నవాళ్లకి ఇది ముఖ్యమైన గుర్తు. ఆ తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, ఆగిపోయిన నిమిషానికి ముందు ఏం జరిగిందో చదవాలి. 129 నంబరు పరికరాన్ని రీసెట్ చేశారని, 153 చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించారని, 157 డిస్క్ చెప్పకుండా ఊడిపోయిందని చెబుతాయి. ఈ మూడూ వరుసగా కనిపించి ఆపైన నీలి తెర వస్తే, అది పొగ వెనక నడిచిన దారి. లైనక్స్‌లో అయితే డీమెసేజ్ ఆదేశం ఇలాంటి వరుసనే చూపుతుంది. ఫార్మాట్ కొడితే ఈ రాతలన్నీ చెరిగిపోతాయి. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే అలికి ముగ్గు పెట్టడం లాంటిది అది.

సాక్ష్యం చేతికొచ్చాక వ్యతిరేక పరీక్షలు. వీటికి ముందు ఒక నియమం: డిస్క్‌లో మరోచోట నకలు లేని సమాచారం ఉంటే పరీక్షలు తర్వాత, నకలు ముందు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే లెక్క రాసుకునే స్మార్ట్ సమాచారాన్ని చూపే ప్రోగ్రాంలో 197వ వరుస, అంటే చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క, పెరుగుతుంటే డిస్కే చివరి రోజుల్లో ఉందని అనుమానించాలి. అప్పుడు దాన్ని పదేపదే పరీక్షించడం ఉన్న ఊపిరి కూడా తీయడమే. నకలు భద్రమయ్యాక ఒకసారికి ఒకే మార్పు చేయాలి. అదే డిస్క్, అదే కంప్యూటర్, వేరే అడాప్టర్. అదే అడాప్టర్, అదే కంప్యూటర్, వేరే డిస్క్. అదే అడాప్టర్, అదే డిస్క్, వేరే కంప్యూటర్. ప్రతిసారీ అదే పని, అంతే పెద్ద ఫైళ్ల కాపీ. చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది: నీలం రంగు 3.0 పోర్ట్‌లోంచి తీసి పాత 2.0 పోర్ట్‌లో పెట్టమని. అలా పెడితే ఆగిపోవడం తగ్గవచ్చు. కానీ ఆ ఒక్క కదలికతో వేగం మారింది, పోర్ట్ మారింది, కరెంటు పరిమితి మారింది, ఒక్కోసారి ఆదేశాల పద్ధతే మారింది. ఇన్ని మారాక ఫలితం దక్కినా కారణం దక్కలేదు. స్మార్ట్‌లోని 199వ వరుసనూ ఇలాగే జాగ్రత్తగా చదవాలి. అది పెరుగుతుంటే తప్పు డిస్క్‌కీ అడాప్టర్‌కీ మధ్య ఉన్న సాటా అతుకు దగ్గర ఉంది. యూఎస్‌బీ కేబుల్ ఎన్నిసార్లు మార్చినా అది నయం కాదు.

ఇక తడి కట్టె. అడాప్టర్ ఉన్నచోటల్లా కంప్యూటర్ ఆగిపోదు. లక్షల అడాప్టర్లు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. తోడైన షరతు ఏమిటో వెతకాలి. మొదటి అనుమానం కరెంటు మీద. 5 వోల్టుల దగ్గర యూఎస్‌బీ 2.0 పోర్ట్ ప్రమాణం ప్రకారం ఇవ్వవలసింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్ట్ ఇవ్వవలసింది 900. 2.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా అడగవచ్చు. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు వేరేగా కావాలి, పోర్ట్ ఆ పని చేయలేదు. సొంత కరెంటు ఉన్న హబ్ మధ్యలో పెట్టాక ఆగిపోవడం మానేస్తే ఉపాధి దొరికినట్టే. రెండో అనుమానం యూఏఎస్ మీద. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ పరికరానికి మామూలు యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డ్రైవర్ ఎంచుకోవచ్చు. లైనక్స్‌లో ఆ ఒక్క చిప్‌కి మాత్రమే యూఏఎస్ ఆపమని కెర్నెల్‌కి సూచన ఇవ్వవచ్చు. వేగం కొంత తగ్గుతుంది, నిలకడ వస్తే నేరం ఎవరిదో తెలుస్తుంది. మూడోది నిద్ర. కరెంటు ఆదా కోసం పోర్ట్‌ని జోకొట్టే సెలెక్టివ్ సస్పెండ్ అమరికను ఆపి చూడాలి. నాలుగోది పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్. దాన్ని తీసేసి నేరుగా తగిలించాలి.

ఇంత తతంగం ఎందుకు, అడాప్టర్ ఖరీదు తక్కువ, కొత్తది కొంటే పోలేదా అని అడగవచ్చు. కొనడం మంచిదే, అదీ ఒక వ్యతిరేక పరీక్షే. అయితే అసలు లోపం పోర్ట్‌లోని కరెంటుదైతే కొత్త అడాప్టరూ పడిపోతుంది. పైగా కొన్ని కేసింగ్‌లు డిస్క్ సెక్టార్ల కొలతను తమ పద్ధతిలో మార్చి చూపుతాయి, కొన్ని సమాచారాన్ని తామే గుప్తీకరిస్తాయి. అలాంటి డిస్క్‌ని వేరే అడాప్టర్‌కి తగిలిస్తే లోపల ఏమీ లేనట్టు కనిపిస్తుంది, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. తెలియక సరే అన్నవాళ్లు బతికున్న సమాచారాన్ని తమ చేతులతో పోగొట్టుకుంటారు. మరో ఆక్షేపణ ఇంకా బలమైనది: బయటి పరికరం ఎంత చెడ్డదైనా ఆపరేటింగ్ సిస్టమ్ కూలకూడదు కదా, తప్పు విండోస్‌దే కదా? సగం నిజం. తట్టుకోలేని డ్రైవర్ది కూడా తప్పే, దాన్ని అప్‌డేట్ చేయడం విచారణలో భాగమే. కానీ ఫార్మాట్ కొట్టి అదే డ్రైవర్‌ని మళ్లీ వేస్తే ఆ తప్పు సరిదిద్దినట్టు కాదు. ఇక ముహూర్తాల రోజుల్లో తీరిక ఎక్కడిదంటే, ఒక్కో మార్పుకి పట్టేది ఒక కాపీ చేసే సమయం. విండోస్ వేసి, ప్రోగ్రాంలన్నీ ఎక్కించి, మళ్లీ అదే గోతిలో పడడానికి పట్టేది రోజులు.

ఈ పద్ధతి విలువ ఒక్క డిస్క్‌తో తీరిపోదు. విచారణ చేసినవాళ్ల చేతిలో చివరికి మిగిలేది ఒక వాక్యం: ఈ అడాప్టర్, ఈ డిస్క్‌తో, యూఏఎస్ మీద నడిచినప్పుడు ఆగుతోంది, యూఏఎస్ తీస్తే ఆగడం లేదు. ఆ వాక్యాన్ని పక్క షాపువాళ్లు తమ బల్ల మీద పరీక్షించి నిజమో కాదో తేల్చవచ్చు, డ్రైవర్ రాసేవాళ్లు చదివి దిద్దవచ్చు. "విండోస్ పోయింది" అన్న మాటని ఎవరూ పరీక్షించలేరు, ఎవరూ దిద్దలేరు. కాబట్టి పనిచేసే బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉండాలి. ఒక గడిలో ఏది ఉంటే ఆగిందో, రెండో గడిలో ఏది తీస్తే ఆగలేదో, మూడో గడిలో తోడైన షరతు ఏదో తేదీ వేసి రాసుకోవాలి. ఆ మూడు గడులూ నిండేదాకా ఎవరి డిస్క్ మీదా ఫార్మాట్ బటన్ నొక్కకూడదు.