కడుపులోని క్రిమికి వంశవృక్షం

కడుపులో మంట అంటే ఖానాపురం హవేలిలోనైనా, ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు ఊళ్లలోనైనా ముందు వినిపించే మాట ‘గ్యాస్’. మెడికల్ షాపులో ఒక బిళ్ళ, కారం తగ్గించమని ఒక సలహా, అక్కడితో సరి. ఆ మంట వెనక ఎంతోమందిలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటుంది. చిన్నతనంలో, ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది. మందు పడకపోతే సాధారణంగా జీవితాంతం తిష్ట వేస్తుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఈ క్రిమి మూలాలను హైదరాబాద్‌లో కూర్చుని ఓపికగా తవ్వి తీసిన పరిశోధన పత్రం ఒకటుంది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ)లో నియాజ్ అహ్మద్ బృందం చేసిన ఆ పని 2007లో బీఎంసీ జీనోమిక్స్ పత్రికలో వచ్చింది. రచయితల్లో మొదటి పేరు ఎస్. మంజులికా దేవిది. ఇటలీ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలూ చేయి కలిపారు. వాళ్లు ఏం కనుక్కున్నారన్నది ఎలాగూ ముఖ్యమే. ఎలా కనుక్కున్నారన్నది అంతకంటే రుచిగా ఉంటుంది.

ముందు ఈ క్రిమి వంశం గురించిన ప్రశ్న విలువ చూడాలి. 2001లో జపాన్ వైద్యుడు ఉయెమురా బృందం 1,526 మందిని సగటున 7.8 ఏళ్లపాటు ఎండోస్కోపీతో గమనించింది. క్రిమి ఉన్న 1,246 మందిలో 36 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. క్రిమి లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. నేరం రుజువైనట్టే. కానీ అదే లెక్కను ఇటునుంచి చూస్తే, క్రిమి ఉన్నవాళ్లలో 97 శాతం మందికి ఆ కాలంలో క్యాన్సర్ రాలేదు. మన దేశంలో ఈ ముడి ఇంకా బిగుసుకుంటుంది. క్రిమి ఇంటింటా ఉంది, జపాన్‌తో పోలిస్తే క్యాన్సర్ చాలా తక్కువ. అప్పుడు అడగాల్సింది క్రిమి ఉందా లేదా అని కాదు, ఏ రకం క్రిమి అని.

వంశం తెలుసుకోవడానికి హైదరాబాద్ బృందం ఎంచుకున్నవి 7 మామూలు జన్యువులు. ఒకటి శక్తి తయారీకి, ఒకటి డీఎన్ఏ మరమ్మతుకు, ఒకటి అమైనో ఆమ్లం తయారీకి. వాటిలో యుర్‌-ఐ అనేది యూరియాను లోపలికి రానిచ్చే ద్వారం. ఆ యూరియా నుంచే క్రిమి అమ్మోనియా చేసుకుని ఆమ్లం మధ్య బతుకుతుంది. ఎండోస్కోపీ గదిలో పసుపు రంగు గులాబీగా మారే పరీక్ష పట్టుకునేది ఈ అమ్మోనియానే. ఇలాంటి మామూలు జన్యువులే ఎందుకంటే, రోగం కలిగించే జన్యువుల మీద ఒత్తిళ్లు ఎక్కువ కాబట్టి అవి వేషాలు మారుస్తాయి. రోజువారీ పని చేసే జన్యువులు ఇంటిపేరులా తరతరాలూ అంటిపెట్టుకుని ఉంటాయి. అయినా ఒక్కటి చూస్తే చాలదు. పైలోరీ రకాలు ఒకే కడుపులో కలిసినప్పుడు డీఎన్ఏ ముక్కలు విచ్చలవిడిగా మార్చుకుంటాయి. అందుకే జన్యుపటంలో వేర్వేరు చోట్ల ఉన్న ఏడింటిని చదివి, ప్రపంచమంతటి నుంచి వచ్చిన వందలాది నమూనాల పక్కన పెట్టారు. పరీక్షించిన భారతీయ నమూనాలన్నీ యూరప్ వంశంలోకే చేరాయి.

ఇక్కడితో ఆపినా పత్రం అచ్చయ్యేదే. వాళ్లు ఆగలేదు. క్యాగ్ దీవి అని పిలిచే జన్యువుల గుంపును విడిగా చదివారు. క్రిమి మన కణంలోకి క్యాగ్‌-ఎ అనే ప్రోటీన్‌ను సూదిలా గుచ్చే యంత్రాంగం అందులోనే ఉంది. లోపలికి వెళ్లిన క్యాగ్‌-ఎ మీద ఎపియా అనే అయిదు అమైనో ఆమ్లాల గుర్తులుంటాయి. తూర్పు ఆసియా రకం గుర్తు మన కణంలో పెరుగుదలను నడిపే ఎస్‌హెచ్‌పీ-2 ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, పాశ్చాత్య రకం కొంత వదులుగా. భారతీయ నమూనాల్లో ఈ రెండో సాక్ష్యం కూడా యూరప్ వైపే చూపింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే చోట కలవడం ఈ పనిలోని అసలు గట్టితనం.

వంశం చదివే ఈ నేర్పు వైరస్ విషయంలోనూ పనికొచ్చింది. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 295 జీర్ణాశయ కణితులను పరీక్షిస్తే సుమారు 9 శాతంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ కనిపించింది. అది కణితి పెరిగాక చొరబడ్డ అతిథి కావచ్చు కదా? జవాబు అంతకుముందే వైరస్ కొసల్లో దొరికి ఉంది. కణంలోకి వెళ్లాక దాని డీఎన్ఏ కొసలు ముడిపడి వలయం అవుతుంది. ఆ ముడి పొడవు ఒక్కో సంక్రమణకు ఒక్కోలా ఉంటుంది. ఇలాంటి కణితుల్లో కణాలన్నిటా ఒకే పొడవు కనబడింది. అంటే వైరస్ సోకిన ఒక్క కణమే పెరిగి కణితి అయింది.

హైదరాబాద్ పత్రంలో నాకు కాస్త పలచగా తోచింది చివరి మెట్టు. ఇండో-ఆర్యుల రాకకూ, వ్యవసాయ విస్తరణకూ ఈ ఫలితాలు బలమివ్వవచ్చని రచయితలు అంటారు. 7 జన్యువులు బంధుత్వం చెబుతాయి గానీ ప్రయాణ తేదీ అంత సులభంగా చెప్పవు. ఆ సంగతి ఎరిగినట్టే, యూరప్ రకం ఇక్కడి కడుపుల్లో మిగతావాటిని గెలిచి ఉండొచ్చన్న ఇంకో దారీ తెరిచి ఉంచారు. ఇతర వంశాలు లేవన్న మాటను తమ సేకరణ వరకే పరిమితం చేశారు. పాశ్చాత్య రకం నిరపాయమని ఎక్కడా తేల్చలేదు. తేల్చకపోవడమే న్యాయం, యూరప్‌లోనూ ఆ రకం క్యాన్సర్ తెస్తూనే ఉంది. మన దేశంలోనే మిజోరంలో ఈ క్యాన్సర్ అన్నిచోట్లకంటే ఎక్కువ. క్రిమి వంశంతోపాటు తిండి, పొగ, మనిషి జన్యువులూ లెక్కలోకి వస్తాయి.

పత్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఖమ్మంలో బయాలజీ చదివే పిల్లలు ఫోన్‌లోనే తెరవొచ్చు. సారాంశం, ముగింపు తర్వాత చూసుకోవచ్చు, ముందు పద్ధతుల భాగం చదవమంటాను. ఏ జన్యువును ఎందుకు ఎంచారో అక్కడ అర్థమైతే, వార్తల్లో రేపు వచ్చే ప్రతి ‘క్యాన్సర్ క్రిమి’ కథనాన్నీ అడగాల్సిన ప్రశ్నలు చేతిలో ఉన్నట్టే.