మామిడికాయలు రాలిన గాలివాన

ఈ సంచిక కోసం ‘ఊహ తెలిశాక మీ చెవిన పడ్డ మొదటి పెద్ద వార్త ఏది?’ అని అడిగాం. వచ్చిన రచనలను గణపవరంలో ఒక ఆదివారం కూర్చుని పైకి చదువుకున్నాం. యానాది, ఎరుకల పేటల కుర్రవాళ్లు ఉన్నారు, కొందరు మాస్టార్లు ఉన్నారు, కుక్కునూరు వైపు నుంచి వచ్చిన కోయ మిత్రులూ ఉన్నారు. నాలుగైదు చదివేసరికి మాకు ఏదో ఇబ్బందిగా అనిపించింది. అన్నీ ఒక్కలాగే మొదలవుతున్నాయి. రేడియోలో వార్త వస్తుంది. అరుగు మీద పెద్దమనిషి పేపరు చదివి వినిపిస్తాడు. ఊరంతా పొయ్యి వెలిగించదు. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ, 1991 మే 21న రాజీవ్ గాంధీ, 1996 జనవరి 18న ఎన్టీఆర్. తేదీలు సరైనవే. కానీ ఆ అరుగు ఎవరిది? మన పేటల్లో ఏ పాకకు అరుగు ఉంది?

అరుగుల జ్ఞాపకాలు తెలుగులో బోలెడు అచ్చయ్యాయి. మన పిల్లలు చదివినవీ అవే. బాల్యం గురించి రాయడమంటే అలాగే రాయాలనుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అయినా మన పుస్తకంలో అచ్చయ్యేటప్పుడు ఈ అరువు సంగతి మనమే మాట్లాడుకోవాలి. బయటివాళ్లు మాట్లాడితే ‘పాపం, బాగానే రాశారు’ అని సరిపెడతారు.

ఒక మాస్టారి రచన మా చేత ఎక్కువసేపు మాట్లాడించింది. తన మొదటి జ్ఞాపకం 1977 దివిసీమ ఉప్పెన అని రాశారాయన. గాలి హోరు, పాక కప్పు లేచిపోవడం, అమ్మ చంకనెత్తుకుని బడి వరండాలోకి పరుగెత్తడం, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక చిన్న సంగతి ఉంది. గాలి తగ్గాక పేట పిల్లలంతా ఆసామి దొడ్లోకి వెళ్లి రాలిన మామిడికాయలు ఏరుకున్నారు. ఎవరూ కేకలెయ్యలేదు. ఆ దొడ్లో అడుగుపెట్టినా ఎవరూ తరమకపోవడం అదే మొదటిసారి.

చదివేవారు అక్కడ ఆగిపోయారు. దివిసీమ ఉప్పెన వచ్చింది నవంబరు 19న. కార్తీకమాసం, వరి కోతల కాలం. నవంబరులో మామిడికాయలు ఎక్కడివి? కాయలు చెట్టున ఉండాలంటే ఎండాకాలం కావాలి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెనుతుఫాను ఒకటి ఉంది. దాదాపు వెయ్యి మందిని బలి తీసుకుంది. గోదావరి జిల్లాలనూ వదల్లేదు. మాస్టారి వయసు లెక్కేస్తే 1977 నాటికి ఆయన పుట్టనే లేదు.

ఇది ఆయన ఒక్కరికే జరిగే పొరపాటు కాదు. అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన వార్త విన్నప్పుడు తాను రేడియోలో బేస్‌బాల్ ఆట వింటున్నానని ఆయన ఏళ్ల తరబడి నమ్మారు. డిసెంబరులో బేస్‌బాల్ ఆడరని తర్వాతెప్పుడో తట్టింది. జ్ఞాపకాల మీదే పరిశోధన చేసే మనిషికి ఆయన బేస్‌బాల్ ఎలాగో మన మాస్టారికి మామిడికాయ అలాగ. తేడా ఏమిటంటే, నైసర్ విషయంలో ఆట సంగతి తప్పు, వార్త నిజం. మన మాస్టారి విషయంలో కాయలు నిజం, వార్త పేరు తప్పు.

ఆ పేరు ఎందుకు మారిందో మాకు ముఖ్యం. అడిగితే మాస్టారు దాచుకోకుండా చెప్పారు. దివిసీమ ఉప్పెన అంటే అందరికీ తెలుస్తుంది, తొంభై గాలివాన అంటే ఎవరు చదువుతారండీ అన్నారు. పేరున్న విపత్తు దొరికితే తప్ప మన కష్టం కష్టంగా లెక్కకు రాదన్న భయం అది. ఆ భయంలోనే ఆయన తన సొంత గాలివానను వదిలేసుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పేటల్లో పుట్టిన తేదీలు రాసిపెట్టుకున్నవాళ్లు తక్కువ. బడిలో చేర్చిన రోజున మాస్టారు మనిషిని ఎగాదిగా చూసి ఒక సంవత్సరం వేసి, జూలై 1 అని రాసేస్తాడు. మనలో ఎంతమంది జూలై 1న పుట్టామో చూస్తే నవ్వొస్తుంది. ఇంటి దగ్గర లెక్క వేరు. గాలివానకు నువ్వు పాకుతున్నావు, గోదారి పొంగిన ఏడు మీ అక్క కడుపులో ఉంది అంటుంది అమ్మ. మనకు వార్తే కేలెండరు. కాబట్టి వార్త పేరు మారితే ఒక అలంకారం మారినట్టు కాదు, మనిషి వయసే మారిపోతుంది. సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

గాలివాన అనగానే పాలగుమ్మి పద్మరాజు గారి కథ గుర్తుకొస్తుంది. ఆయనది మనకు దగ్గరే ఉన్న అత్తిలి పక్కన తిరుపతిపురం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. తుఫాను రాత్రి రైల్వే స్టేషనులో ఒక లాయరు, ఒక ముష్టి మనిషి. చాలా గొప్ప కథ, అందులో మాకు సందేహం లేదు. కానీ ఆ రాత్రంతా మనం లాయరు రావుగారి మనసులోనే ఉంటాం. విలువలు కూలేది ఆయనవి, మారేది ఆయన. ఆమె ధైర్యం చెబుతుంది, చివరికి చనిపోతుంది. ఆమె ఎన్ని గాలివానలు చూసి ఆ ధైర్యం తెచ్చుకుందో కథలో లేదు. పద్మరాజు గారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆమె వైపు నుంచి ఆ రాత్రిని రాయగలవాళ్లు మన పేటల్లో ఉన్నారు. వాళ్లు వెళ్లి రావుగారి పక్కన కూర్చుంటే ఎలా అన్నదే మా బాధ.

కొల్లేటి గట్ల మీద పెరిగిన ఒక యానాది తమ్ముడి రచనలో ఇదే జరిగింది. అతని మొదటి వార్త 2006 నాటి ఆపరేషన్ కొల్లేరు. మొదటి రెండు పేజీలూ జనరల్ నాలెడ్జి పుస్తకంలా ఉన్నాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటన, 2002లో రామ్‌సర్ గుర్తింపు, అయిదో కాంటూరు, చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో, మందుగుండుతో పడగొట్టడం. చివరి పేరాలో, అదీ తప్పు చేసినవాడిలా, తనకు నిజంగా గుర్తున్నది రాశాడు. గట్టు తెగి నీళ్లు పోయాయి. బురదలో బొచ్చెలు, శీలావతులు కొట్టుకుంటున్నాయి. పేటంతా గంపలతో దిగింది. రెండు రోజులు కడుపునిండా చేపలు తిన్నారు. మూడో రోజు కంపు. నాలుగో రోజు వాళ్ల నాన్న కాపలా కాసే పాక లేదు, కాపలా పనీ లేదు. ఇల్లంటే వాళ్లకు ఆ పాకే.

అప్పటి గొడవలో రెండు మాటలే వినపడేవి. సరస్సు బతకాలని ఒకరు, చెరువుల మీద బతుకులు పోతాయని ఇంకొకరు. రెండింటిలోనూ నిజం ఉంది. చెరువు తనది కాకుండా, దాని గట్టు మీదే కాపురమున్న కూలి మాత్రం ఏ లెక్కలోనూ లేడు. ఆరేళ్ల పిల్లవాడికి ఆ రెండు రోజులు పండగ. ఆ పండగను దాచుకోవద్దని, మొదటి పేజీలోకి తెమ్మని చెప్పాం. కాంటూరు లెక్క రెండు వాక్యాల్లో తర్వాత చెప్పొచ్చు. తీసేయమనలేదు. తేదీ లేని జ్ఞాపకం రేపు ఎవరి చేతిలోనైనా ఎలాగైనా వంగిపోతుందని మామిడికాయలు నేర్పాయి కదా.

కోయ మిత్రుల్లో ఒక టీచరమ్మ రచన ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచింది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ అంకెలు భద్రాచలానివని ఆమే రాసింది. వాళ్ల గూడెంలో కొలత చింతచెట్టు. నాన్న చూపించిన కొమ్మ 1986ది. 2022లో తన బడి పిల్లలు చూపించింది దాని కింది కొమ్మ. ఆ పిల్లలకు ఊహ తెలిశాక మొదటి పెద్ద వార్త అదే. టీవీలో తమ ఊరిని పడవలోంచి చూపించారని కాక, పలకలు, పుస్తకాలు తడిసి అతుక్కుపోయాయని వాళ్లు చెప్పారట. ఈ రచనలో మేము ఒక్క మాట కూడా మార్చలేదు.

మాస్టారు రచన తిరగరాసి తెచ్చారు. ఈసారి వాళ్ల అమ్మను అడిగారు. ఆ కాయల్ని ఆమె కోసి ఉప్పులో ఊరేసిందట. పాక మళ్లీ కట్టుకునేదాకా గంజిలో నంజుకున్నది ఆ ముక్కలేనట. ఉప్పెన అన్న మాట కొట్టేసి, ‘1990 మే గాలివాన’ అని రాశారు. రిజిస్టరులో ఆయన పుట్టినరోజు మాత్రం ఇంకా జూలై 1.