132 పక్షులు, ఒక పిట్ట

పోయిన నెల మా బడి హాల్లో ఒక ఫోటో ప్రదర్శన జరిగింది. మా బడిలోనే చదివి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న శ్రీలంక అడవులు తిరిగి వచ్చి, తీసిన ఫోటోలు తెరమీద చూపిస్తూ గంటసేపు మాట్లాడినారు. యాల, బుందల, సింహరాజ అని మూడు చోట్లు, ఆరు రోజులు, 132 రకాల పక్షులు. మా తెలుగు అయ్యవారు దీనిమీద విమర్శ రాయమన్నారు. అన్నగారు మా కోసం సెలవు పెట్టుకుని వచ్చినారు కాబట్టి తప్పులు చెప్పడానికి మొహమాటంగానే ఉంది. అయినా నాకు అనిపించింది అనిపించినట్టు రాస్తున్నాను.

ముందు బాగున్నది చెబుతాను. సింహరాజలో తీసిన మూడు నిమిషాల వీడియో అందరికీ నచ్చింది. అది వానలు ఎక్కువగా కురిసే దట్టమైన అడవి, 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ పక్షులు జాతికొకటిగా తిరగవు. చాలా జాతులు కలిసి ఒక గుంపుగా మేత వెతుక్కుంటూ పోతాయి. నారింజ రంగు ముక్కున్న చిన్న పక్షులు బిలబిలమంటూ ముందు నడుస్తాయి. మన పసులపోలిగాడి చుట్టం ఒకటి పైకొమ్మ మీద కాపలా ఉండి, డేగ వస్తే కేక పెడుతుంది. వీడియో నడుస్తున్నంతసేపు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అక్కడ అన్నగారు కూడా లెక్క చెప్పలేదు.

మిగతాదంతా లెక్కే. ప్రతి ఫోటో కింద ఒక అంకె. 41, 42, 43 అంటూ ఒక్కో పక్షి తెరమీద నాలుగు సెకన్లు కూడా నిలవలేదు. అది ఏం తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది అని అడుగుదామంటే అప్పటికే తర్వాతది వచ్చేసేది. యాలలో చిరుతపులి ఫోటోలు మాత్రం 14 చూపించినారు. ఒకదాంట్లో పక్కన జీపులు వరసగా ఆగి ఉండటం కనబడింది. దాని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. చిరుత కనబడిందంటే అక్కడ జీపులన్నీ ఒకేచోటికి చేరతాయట. ఆ జంతువుకు ఎట్లా ఉంటుందో చెప్పి ఉంటే బాగుండేది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది బుందల భాగం. "ఇక్కడ ఫ్లెమింగోలు ఉండాల్సింది, మాకు లక్ లేదు" అని చెప్పి తర్వాతి ఫోటోకు పోయినారు. సైన్సు టీచరు ఇచ్చిన పుస్తకంలో నేను చదివింది వేరే. సూళ్లూరుపేట దగ్గర పులికాట్‌కు వచ్చే రకం ఫ్లెమింగోలే బుందలకూ పెద్ద గుంపులుగా వచ్చేవి. పైన సాగునీటి పథకం వచ్చాక, వరి మళ్లలోంచి పారిన మంచినీళ్లు ఆ ఉప్పునీటి మడుగుల్లో కలిసినాయి. ఉప్పు తగ్గింది, వాటి మేత తగ్గింది, అవి రావడం తగ్గిపోయింది. ఇది లక్కు కాదు కదా! మా నాన్న కూడా వరి పెట్టేవాడే. రైతుకు నీళ్లు వద్దని నేను ఎట్లా అంటాను? హాల్లో సగం మంది మా నాన్న మాదిరి రైతులే. ఈ చిక్కు వాళ్ల ముందు పెట్టి ఉంటే ఎంత మంచి చర్చ జరిగేదో!

ఇంకొకటి. సింహరాజలో చిన్న గుడ్లగూబ కోసం ఒక సాయంత్రం ఆగినారట, అది రాలేదట. "ఒక పూట వేస్టు" అన్నారు. ఆ గుడ్లగూబ కథ నాకు తర్వాత తెలిసింది. దీపాల్ వరకాగొడ అనే ఆయన 1995లో అడవిలో రాత్రిపూట ఎప్పుడూ వినని ఒక గొంతు విన్నారు. ఆ పక్షి కంటికి కనబడింది 2001లో. 2004లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టినారు. ఒక పిట్ట కోసం ఆరేళ్లు! అన్నగారు ఆ చీకట్లో ఏం విన్నారో చెప్పి ఉంటే, కనబడని ఆ పక్షే నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండేది.

చివరగా పేర్ల సంగతి. అన్ని పేర్లూ ఇంగ్లీషులోనే చెప్పినారు. 97వ పక్షి "ఇండియన్ పిట్టా" అనగానే ఆరో తరగతి పిల్లలు "పిట్ట అంటే పిట్టే కదా సార్" అని నవ్వినారు. అన్నగారూ నవ్వి ఊరుకున్నారు. పిల్లలు చెప్పిందే నిజం. ఇంగ్లీషువాళ్లు వాడే ఆ పేరు మన తెలుగు "పిట్ట" నుంచే పోయింది. చలికాలంలో అది దక్షిణ భారతానికీ, శ్రీలంకకూ వస్తుంది. పొద్దున, సాయంత్రం ఆరింటప్పుడు కూస్తుందని తమిళంలో ఆరుమణి కురువి అంటారు. ఇంత కథ ఉన్న పక్షి కూడా నాలుగు సెకన్లలో పోయింది.

నిజం చెప్పాలంటే నా నోటుబుక్కులో కూడా చెరువు దగ్గర చూసిన పక్షుల లెక్క ఉంది. 38 రకాలు. పక్క సెక్షను వాడికన్నా ఎక్కువ ఉండాలని రాసుకున్నాను. వాటిలో సగం ఏం తింటాయో నాకూ తెలియదు. ప్రదర్శన అయిన మరుసటి ఆదివారం చెరువుకు పోయి, ఒక్క లకుముకి పిట్టనే గంటసేపు చూసినాను. తొమ్మిదిసార్లు నీళ్లలోకి దూకింది, రెండు చేపలే దొరికినాయి.

అన్నగారు మళ్లీ రావాలని మా తరగతి అంతా కోరుకుంటున్నాము. ఈసారి పది పక్షులు చాలు. ఆ గుడ్లగూబ రాని సాయంత్రం గురించి మాత్రం తప్పకుండా చెప్పాలి.